పాత ఆటలోని పాత్ర క్రొత్త ఆటలోనికి వచ్చుట యెట్లు?

కంప్యూటరు ఆటను గూర్చి పాఠశాల సంచికలో వ్యాసము వ్రాయుట కొందరు తల్లిదండ్రులకు వింతగా దోచవచ్చును. అయినను విద్యార్థులు నన్ను పలుమారు అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "మాస్టారూ, పాత ఆటను క్రొత్తగా మరల విడుదల చేసినారు గదా. పాతదానిలో మేము పెంచిన మనిషి క్రొత్తదానిలోనికి వచ్చునా, లేక మొదటినుండి మరల ఆడవలసినదేనా?" అని వారు అడుగుదురు. ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. దీనికి సరియైన సమాధానము చెప్పవలెనన్న, కంప్యూటరులో వ్రాత యెట్లు నిలుచును, ఎట్లు చెడును, ఎవరి చేతిలో నుండును అను మూడు సంగతులు తెలియవలెను. ఆ మూడును ఆటకే గాక మన ఫోటోలకును, మార్కుల పట్టికలకును, ఇంటి కాగితములకును సంబంధించినవే. కావున విద్యార్థులకును తల్లిదండ్రులకును కూడ తెలియునట్లు క్రమముగ వివరించెదను.

1. పాత్రధారణపు ఆట యన నేమి?

తెనాలి నాటకరంగమునకు పేరుపొందిన పట్టణము. అచ్చట నటుడు రంగస్థలముపై ఒక వేషము ధరించి, ఆ రాత్రికి రాజో మంత్రియో యగును. కంప్యూటరులో పాత్రధారణపు ఆటయు నట్టిదే. ఆడువాడు ఒక వేషమును ఎన్నుకొని, దానికి పేరు పెట్టి, కథలో ప్రవేశించును. భేద మొక్కటియే. నాటకములో వేషధారి యెన్ని రాత్రులు ఆడినను పాత్ర పెరుగదు. ఆటలోని పాత్ర దినదినము పెరుగును. శత్రువులను జయించినకొలది అనుభవము కూడును. అనుభవము ఒక హద్దును దాటగానే స్థాయి, అనగా లెవెల్, హెచ్చును. కత్తులు, కవచములు, నాణెములు చేకూరును. ఒక్కొక్క పాత్రను పెంచుటకు నెలలు, సంవత్సరములు పట్టుటయు కలదు.

ఈ పెరుగుదల రాత్రి కంప్యూటరును ఆర్పగానే పోకుండ వ్రాసిపెట్టుకొను పత్రమునకు సేవ్ ఫైలు అని పేరు. ఇక పాత ఆటకు చిత్రములను, ధ్వనులను మెరుగుపరచి, నేటి యంత్రములపై నడచునట్లు మరల విడుదల చేసినచో దానిని రీమాస్టరు అందురు. పాత సేవ్ ఫైలును ఆ రీమాస్టరు చదువగలుగునా యనునదే మన ప్రశ్న.

2. ఈ యాచారమెంత పాతది?

పాత్రను ఒక ఆటనుండి మరియొక ఆటకు తీసికొనిపోవుట నిన్న మొన్న పుట్టినది కాదు. 1981 లో అమెరికాలో ఆండ్రూ గ్రీన్‌బర్గు, రాబర్టు వుడ్‌హెడ్ అను నిరువురు యువకులు ఆపిల్ టూ కంప్యూటరుకై విజార్డ్రీ అను ఆటను రచించిరి. అందులో ఆడువాని బృందము ఫ్లాపీ పళ్లెముపై వ్రాయబడి యుండెడిది. 1982 లో రెండవ భాగము వెలువడినపుడు, మొదటి భాగములో పెంచిన పాత్రలనే దానిలోనికి తెచ్చుకొనవలసి యుండెను. మొదటి తరగతి తప్పినవానికి రెండవ తరగతిలో చోటు లేనట్లే.

1985 లో వెలువడిన ది బార్డ్స్ టేల్ అను ఆట యింకొక అడుగు ముందుకు వేసినది. అది ఇతర సంస్థలు చేసిన విజార్డ్రీ, అల్టిమా మూడవ భాగము అను ఆటలనుండి కూడ పాత్రలను స్వీకరించెను. ఒక పాఠశాల ఇచ్చిన బదిలీ పత్రమును మరియొక యాజమాన్యపు పాఠశాల గౌరవించుట యెట్టిదో యిదియు నట్టిదే. ఆ యాటను ప్రచురించిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు తరువాతి కాలమున మన హైదరాబాదులోను కార్యస్థానము ఏర్పడినది. ఎందరో తెలుగు యువకులకు ఆటల నిర్మాణము జీవనోపాధి యైనది. కావున ఈ విషయము మనకు పరాయిది కాదు.

3. పత్రములో ఏమి వ్రాయబడి యుండును?

ఉదాహరణకు డయాబ్లో రెండవ భాగము అను ఆటను తీసికొందము. బ్లిజార్డ్ అను అమెరికా సంస్థ దీనిని 2000 జూనులో విడుదల చేసెను. 2001 లో దానికి అనుబంధము వచ్చెను. 2021 సెప్టెంబరు 23 న రిసరెక్టెడ్ అను పేరుతో రీమాస్టరు వెలువడెను. ఇది పదునేడేండ్లు దాటినవారికి మాత్రమే యని నిర్ణయింపబడిన ఆట గనుక పిల్లలను ఆడుడని నేను చెప్పను. అయితే పాత సేవ్ ఫైలు ఇరువది యొక్క సంవత్సరముల తరువాత క్రొత్త ఆటలో తెరచుకొనుటకు దీనికంటె స్పష్టమైన ఉదాహరణము లేదు.

ఈ యాటలో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క ఫైలు. దాని పరిమాణము కొన్ని కిలోబైట్లు మాత్రమే. సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫోటో పట్టు చోటులో ఇట్టి పాత్రలు వందలు ఇముడును. కారణమేమనగా, ఆ ఫైలులో పాత్రయొక్క బొమ్మ లేదు, స్వరము లేదు, నడక లేదు. అందున్నవి అంకెలు మాత్రమే. పేరు, 15 అక్షరములకు మించనిది. వేషము, అనుబంధముతో కలిపి ఏడింటిలో ఒకటి. స్థాయి, గరిష్ఠము 99. బలము, ప్రాణము, నాణెములు, సంచిలోని వస్తువుల పట్టిక, కథలో ఎంతవరకు సాగినది. ఇంతియే. ఆ అంకెలను చూచి మనిషిని నిలువబెట్టునది ఆట. సేవ్ ఫైలు హాజరు పట్టిక వంటిది. పట్టికలో బాలుని పేరు, మార్కులు ఉండును గాని బాలుడుండడు.

ఫైలు మొదట రెండు ముఖ్యమైన అంకెలు కలవు. మొదటిది సంచిక సంఖ్య. ఏ సంచికకు చెందిన ఆట దీనిని వ్రాసినదో ఈ సంఖ్య తెలుపును. పాత ఆటయొక్క తుది సంచికలు 96 అని వ్రాయుచుండెను. క్రొత్త ఆట అంతకంటె పెద్ద సంఖ్యను వ్రాయును. రెండవది సరిచూపు మొత్తము. దీనిని చెక్‌సమ్ అందురు.

చెక్‌సమ్ అనునది అంగడి లెక్కలో అడుగున వేయు మొత్తము వంటిది. పైన అంకె నెవడైన దిద్దినచో అడుగున మొత్తము కుదురదు. అయితే ఉత్త కూడిక చాలదు. 1, 2 అను అంకెలు తారుమారై 2, 1 అయినను కూడిక మూడే గదా. అందుచేత ప్రతి అడుగునను ఉన్న మొత్తమును రెట్టించి తరువాతి అంకెను కలుపు పద్ధతి నవలంబించిరి. సూక్ష్మముగ చూపెదను. సున్నతో మొదలిడి 1 కలుపగా 1. దానిని రెట్టించి 2 కలుపగా 4. తారుమారైనచో, మొదట 2. దానిని రెట్టించి 1 కలుపగా 5. ఈ రీతిగ అంకెల క్రమము చెడినను మొత్తము పట్టియిచ్చును. ఆట ఫైలును తెరచునపుడు తానును ఈ లెక్క వేసి, వ్రాసియున్న మొత్తముతో పోల్చును. సరిపోలనిచో "ఈ పత్రము చెడినది" అని త్రోసివేయును. గణితశాస్త్ర తరగతిలో "మాస్టారూ, ఇది యెందుకండీ" అని అడుగువారు ఈ యొక్క ఉపయోగమును జ్ఞాపకముంచుకొందురు గాక.

4. కొన్ని ఆటలు పాత పత్రమును ఏల అంగీకరించును? కొన్ని ఏల నిరాకరించును?

ఇందుకు మన ప్రాంతమునుండియే ఉపమానము చెప్పెదను. వాడరేవు గ్రామము, చీరాల పట్టణము 1970 వరకు గుంటూరు జిల్లాలో నుండెను. 1970 ఫిబ్రవరి 2 న ఒంగోలు కేంద్రముగ క్రొత్త జిల్లా ఏర్పడగా అందు చేరెను. అదియే తరువాత ప్రకాశము జిల్లా యైనది. 2022 ఏప్రిల్ 4 న బాపట్ల జిల్లా ఏర్పడగా దానిలో చేరెను. తాతగారి పత్రములో గుంటూరు, తండ్రిగారి పత్రములో ప్రకాశము, మనుమని పత్రములో బాపట్ల. మూడు తరములకు మూడు జిల్లాలు. ఊరు మాత్రము ఉన్నచోటనే యున్నది, సముద్రము ఉన్నచోటనే యున్నది. పత్రము పైభాగమున వ్రాసిన జిల్లా పేరు మారినను, ఊరి పేరును సర్వే నంబరును చదువగల గుమాస్తా యున్నంతకాలము పాత పత్రము చెల్లును.

డయాబ్లో రీమాస్టరులో జరిగినది సరిగా ఇట్టిదే. దాని నిర్మాతలు పాత ఆటయొక్క లెక్కల యంత్రమును తొలగింపక దానిపైననే క్రొత్త బొమ్మలను కప్పిరి. 2000 లో ఆ బొమ్మ అడ్డముగ 640, నిలువుగ 480 చుక్కలతో కనబడెను. 2001 అనుబంధమున అది 800, 600 లకు పెరిగెను. రీమాస్టరులో 3840, 2160 వరకు పోవును. అయినను లోపల దెబ్బకు దెబ్బ, అడుగుకు అడుగు లెక్కించునది పాత యంత్రమే. కంప్యూటరుపై ఒక మీట నొక్కినచో క్రొత్త ముసుగు తొలగి పాత బొమ్మలు కనబడుటయు అందువలననే. ఊరు కదలలేదు. కావున పాత పత్రము చెల్లినది.

స్కైరిమ్ అను ఆట 2011 నవంబరులో వచ్చెను. 2016 అక్టోబరు 28 న దాని విశేష సంచిక వెలువడెను. కంప్యూటరుపై ఆడువారు తమ పాత సేవ్ ఫైళ్లను దానిలోనికి తెచ్చుకొనగలిగిరి. టెలివిజనుకు తగిలించు ఆటపెట్టెలపై ఆడినవారికి ఆ సౌకర్యము కలుగలేదు. ఆట ఒక్కటియే యైనను, పెట్టెలో ఫైలును చేతితో తీసి మరియొక పెట్టెలో పెట్టుటకు దారి లేకపోయెను.

మాస్ ఎఫెక్ట్ అను ఆటయొక్క మూడు భాగములు 2007, 2010, 2012 సంవత్సరములలో వచ్చినవి. మొదటి భాగములో ఆడువాడు చేసిన నిర్ణయములు, ఎవరిని రక్షించెను, ఎవరిని విడిచెను అనునవి, రెండవ మూడవ భాగములలోనికి ప్రవహించుటయే ఆ కథయొక్క ప్రత్యేకత. అట్టి ఆటను 2021 మే 14 న మూడు భాగములు కలిపి రీమాస్టరు చేసినపుడు, పాత ఫైళ్లు అందులోనికి రాలేదు. తాము మలచుకొన్న ముఖపు రూపురేఖలను తెలుపు సంకేతాక్షరముల వరుసను మాత్రము వ్రాసికొని తెచ్చుకొనవచ్చునని నిర్మాతలు సమ్మతించిరి. అనగా ముఖము వచ్చినది, జ్ఞాపకము రాలేదు. నిర్ణయములను మరల మొదటినుండి చేసికొనవలసి వచ్చినది.

దీనినిబట్టి సూత్రమును ఇట్లు చెప్పవచ్చును. పాత పత్రము క్రొత్త ఆటలో చెల్లవలెనన్న మూడు నియమములు కుదురవలెను. పత్రము మన చేతికి అందవలెను. అది చెడకుండ నుండవలెను. దానిని చదువగల గుమాస్తాను క్రొత్త ఆట తన లోపల ఉంచుకొని యుండవలెను. మొదటి రెండును మన జాగ్రత్తపై ఆధారపడియున్నవి. మూడవది నిర్మాతల దయ.

5. తరలించు విధానము

డయాబ్లో విషయమున విధానము ఇట్లుండును. ఇతర ఆటలకును క్రమ మిదియే. ఫైళ్లుండు చోటు మాత్రమే మారును.

మొదట, ఏమియు కదలింపకముందే పాత సేవ్ ఫైళ్లున్న ఫోల్డరు నంతయు పెన్‌డ్రైవులోనికి నకలు చేయవలెను. మూలమును కత్తిరించి తీయరాదు. నకలు తీయునపుడు కరెంటు పోయినచో నష్టపడునది నకలే గాని మూలము కాదు.

రెండవది, పాత ఆట ఇంకను నడచుచున్నచో, దానిని తుది సంచికవరకు నవీకరించి, పాత్రను ఒకసారి తెరచి మరల సేవ్ చేయవలెను. దానివలన ఫైలు తుది సంచిక రూపములోనికి మారును. మరీ పాత సంచిక ఫైలును నేరుగ క్రొత్తదానికి ఇచ్చుటకంటె ఇది క్షేమము.

మూడవది, క్రొత్త ఆటను ఒకసారి తెరచి మూసినచో, అది తన సేవ్ ఫోల్డరును తానే ఏర్పరచుకొనును. ఆ ఫోల్డరులోనికి నకలును ఉంచవలెను. మరల ఆటను తెరచి, ఆఫ్‌లైను పాత్రల వరుసలో చూడవలెను.

నాలుగవది, ఈ దారి ఒక్కవైపుననే పోవును. క్రొత్త ఆట ఒకసారి సేవ్ చేసిన ఫైలును పాత ఆట చదువజాలదు. పెద్ద తరగతి పుస్తకమును చిన్న తరగతివాడు చదువలేనట్లే. కావున ముట్టని నకలు ఒకటి ఎల్లప్పుడు వేరుగ నుండవలెను.

అయిదవది, ఆటను స్వంతముగ మార్చుకొన్నవారి ఫైళ్లలో మూల ఆటకు తెలియని వస్తువులుండును. అట్టివి క్రొత్తదానిలో తెరచుకొనకపోవచ్చును.

యంత్రమే లేవనిచో నిరాశ పడనక్కరలేదు. కంప్యూటరు చెడుట వేరు, హార్డ్ డిస్కు చెడుట వేరు. డిస్కును విప్పి, తగిన తీగతో మరియొక కంప్యూటరుకు తగిలించినచో ఫైళ్లు పెక్కుమారులు దొరకును. పాత కంప్యూటరును పాతసామానువానికి వేయుటకు పూర్వము ప్రతి గృహస్థుడును ఈ పని చేయించవలెను. అందులో ఆటలే గాక పెండ్లి ఫోటోలును పిల్లల మొదటి మాటలును ఉండవచ్చును.

6. పత్రము మన చేతిలో లేనిచో?

ఇంతవరకు చెప్పినది మన ఇంటి డిస్కుపై నున్న ఫైలును గూర్చి. నేడు పెక్కు ఆటలలో పాత్రయొక్క లెక్క మన యింట నుండదు. సంస్థవారి సర్వరుపై నుండును. మనకు ఉన్నది లోపలికి పోవు తాళపుచెవి మాత్రమే. డయాబ్లోలో సైతము సంస్థవారి బ్యాటిల్‌నెట్ సర్వరుపై పెంచిన పాత పాత్రలు రీమాస్టరులోనికి రాలేదు. ఇంటి డిస్కుపై పెంచినవే వచ్చినవి. అంతేగాక, ఆ పాత సర్వరుపై 90 దినములు తెరువక విడిచిన పాత్రను తుడిచివేయు నియమ ముండెను.

మన దేశములో దీనికి గొప్ప దృష్టాంతము జరిగినది. 2020 సెప్టెంబరు 2 న భారత ప్రభుత్వము 118 యాపులను నిషేధించెను. అందు పబ్‌జీ మొబైల్ ఒకటి. 2021 జూలై 2 న దాని స్థానమున బీజీఎంఐ అను ఆట మన దేశమునకై విడుదలయ్యెను. ఇది పాత్రధారణపు ఆట కాకపోయినను మన విషయమునకు సరిపోవును. పాత ఖాతాలోని స్థాయి, దుస్తులు, కొనుగోలు చేసిన వస్తువులు క్రొత్తదానిలోనికి తెచ్చుకొనుటకు ఆడువారి సమ్మతిపై అవకాశ మిచ్చిరి. అయితే ఆ ద్వారము 2021 డిసెంబరు 31 న మూయబడెను. గడువులోపల కోరినవారికి వచ్చినది. తెలియనివారికి రాలేదు. అటుపిమ్మట 2022 జూలైలో ఆ క్రొత్త ఆటయు దుకాణములనుండి తొలగింపబడి, 2023 మేలో మరల వచ్చెను. ఇంటి డిస్కుపై ఫైలున్నవాడు గడువునకు బద్ధుడు కాడు. సర్వరుపై ఉన్నవాడు ప్రతి ప్రకటనను కనిపెట్టుకొని యుండవలెను.

పిల్లలకు ప్రియమైన పోకెమాన్ ఆటలలో మూడవ రీతి కానవచ్చును. 1996 లో జపానులో వెలువడిన మొదటి ఆటలలో సేవ్ వ్రాతను నిలుపునది ఆటబిళ్లలో నమర్చిన చిన్న గుండ్రని బ్యాటరీ. అది కొన్ని సంవత్సరములకు నీరసించును. అంతటితో పెంచిన జంతువులన్నియు మాయమగును. 2002 లో వచ్చిన మూడవ తరపు ఆటలకు పాత తరములనుండి దారి లేకపోయెను. ఆ 2002 నాటి ఆటలనుండి మాత్రము మజిలీలుగ దారి వేయబడినది. అందు పట్టిన జంతువును 2006 లో మొదలైన తరపు ఆటలోనికి, అచ్చటనుండి 2010 నాటి తరములోనికి, అచ్చటనుండి పోకెమాన్ బ్యాంకు అను నిలువ స్థానమునకు, అచ్చటనుండి 2020 ఫిబ్రవరిలో మొదలైన పోకెమాన్ హోమ్‌నకు చేర్చు మార్గ మేర్పడెను.

చీరాలలో రైలెక్కి రేపల్లె పోగోరువాడు తెనాలిలో బండి మారవలెను. చీరాల బండి నేరుగ రేపల్లె పోదు. తెనాలి–రేపల్లె శాఖపై బండి నడచినంతకాలమే ఆ ప్రయాణము సాగును. పోకెమాన్ మార్గమును ఇట్టిదే. నడుమ మజిలీలో నొక్క యంత్రము పాడైనను, ఒక్క సేవ నిలిచిపోయినను ప్రయాణము ఆగును. అందుచేత దారి తెరచియున్నపుడే ఒక్కొక్క మజిలీ దాటించుకొనుట వివేకము. "అక్కరపడినపుడు చూచుకొందము" అనువాడు చివరి బండి తప్పినవానివలె ప్లాట్‌ఫారముపై మిగులును.

7. ఒక బాలుని ప్రశ్న

ఇదంతయు వినోదమే గదా, పోయిన నేమి యని పెద్దలు అడుగవచ్చును. నేనును ఆ ప్రశ్నను లోపల నుంచుకొనియే యుంటిని. పదవ తరగతి విద్యార్థి యొకడు, వాడరేవు బెస్తవారి పిల్లవాడు, ఒకనాటి సాయంకాలము కంప్యూటరు గదిలో అందరును వెళ్లువరకు ఆగి నన్నిట్లడిగెను: "మాస్టారూ, మా అన్న ఆడిన మనిషి ఆ పాత కంప్యూటరులో ఇంకా ఉంటాడాండీ?"

వాని యన్న 2021 మే నెలలో, కరోనా రెండవమారు విజృంభించినపుడు, కళాశాల విద్యార్థిగా నుండగనే మరణించెను. ఆ కంప్యూటరును అప్పటినుండి ఎవరును తెరువలేదు. తల్లి దానిపై గుడ్డ కప్పియుంచెను. ఇప్పుడు ఇల్లు బాగుచేయుచు దానిని పాతసామానుకు వేయుదమని యనుకొనుచుండగా, బాలునికి అన్న పెంచిన పాత్ర జ్ఞప్తికి వచ్చినది.

యంత్రము లేవలేదు గాని డిస్కు బాగుగనే యున్నది. ఫైళ్లు దొరకినవి. పినతండ్రి యింటనున్న క్రొత్త కంప్యూటరులో, తండ్రి ప్రక్కన కూర్చుండగా, రీమాస్టరులో ఆ ఫైలు తెరచుకొనినది. మెరుగైన వెలుగులో, అన్న పెట్టిన పేరుతో, అన్న ధరింపజేసిన కవచముతో పాత్ర నిలిచెను. సంచిలో వస్తువులను అన్న సర్దిన రీతి అట్లే యున్నది. మందుసీసాలన్నియు ఒకవైపు వరుసగ పెట్టి, పనికిరాని పాత కత్తి నొకదానిని అమ్మక అట్టిపెట్టి యుండెను. తండ్రి ఆ యాటను ఎన్నడును చూచినవాడు కాడు. "వలలు గూడా ఇట్టాగే సర్దేవాడండి" అని నాతో చెప్పినాడు.

అప్పుడు బాలునికి రెండవ సందేహము కలిగెను. పెద్దవాడైన తరువాత తాను ఆ పాత్రతో ఆడవచ్చునా? ఆడినచో అన్న సర్దినది చెదరును. ఆడకున్నచో అది అచ్చటనే ఆగియుండును. నేను వానికి చెప్పిన దొక్కటియే. కాగితపు ఉత్తరమునకు మూల మొక్కటియే యుండును. ఫైలునకు నకలు మూలముతో అక్షరాలా సమానము. ఒక నకలును ముట్టకుండ దాచుము. వేరొకదానితో నీ వయస్సు వచ్చినపుడు ఆడుకొనుము. తల్లిదండ్రులు రెండు పెన్‌డ్రైవులలో ఆ ఫైలును దాచిరి. ఒకటి ఇంట, ఒకటి పినతండ్రి యింట. కొన్ని కిలోబైట్ల అంకెలు ఆ యింటికి ఎంత బరువైనవో చూచిన పిమ్మట, వినోదమే గదా యని నేను అనజాలను.

8. ఇదే సూత్రము మన తెలుగునకు

ఆటలెరుగని పెద్దలకు మరియొక ఉదాహరణము. కొన్ని యేండ్ల క్రిందట డీటీపీ అంగడిలో తయారైన పెండ్లి శుభలేఖ ఫైలును నేటి సెల్‌ఫోనులో తెరచినచో, తెలుగునకు మారుగ ఇంగ్లీషు అక్షరములును గుర్తులును కలగాపులగముగ కనబడును. ఫైలు చెడలేదు. ఆనాటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను కూర్చి పని నడపినవి. ఆ ఫాంటు లేనిచోట చదువు గుమాస్తా లేడు. 1991 లో వెలువడిన యూనికోడు మొదటి సంచికలోనే తెలుగునకు ప్రత్యేకముగ 128 స్థానములు కేటాయింపబడెను. అటుపిమ్మట ఏ యంత్రమైనను ఏ ఫాంటైనను "అ" యనగా "అ" యే. పాత ఫాంటులోని వ్రాతను యూనికోడునకు మార్చు సాధనము, పాత సేవ్ ఫైలును క్రొత్త ఆటకు మార్చు సాధనము, రెండును ఒకే పని చేయుచున్నవి. పాత గుర్తునకు క్రొత్త గుర్తును జోడించు పట్టికయే రెండింటికిని ప్రాణము. మీ సంఘ చరిత్రలు, గ్రంథాలయ జాబితాలు, తాతగారి వ్యాసములు పాత ఫాంటులలో నున్నచో, ఆ పట్టిక తెలిసినవారు ఉండగనే మార్పించుకొనుడు.

9. విద్యార్థులకు తల్లిదండ్రులకు మనవి

మీ పాత్రను క్రొత్త ఆటలోనికి మార్చిపెట్టెదము, ఫోనునకు వచ్చిన ఓటీపీ చెప్పుడు అని ఎవరైన అడిగినచో, వాడు దొంగ యని తెలిసికొనుడు. ఫైలు మార్చుటకు ఓటీపీతో పనిలేదు. ఊరు పేరు లేని చోట్లనుండి దింపుకొన్న సేవ్ దిద్దు సాధనములలో వైరసులు దాగియుండవచ్చును. మన వ్రాత మనది గనుక నకలు తీసికొనవచ్చును. ఆట మనది కాదు గనుక దానిని వెల యిచ్చి కొనవలెను. ఈ భేదమును మరువకుడు. వయోనియమమును తల్లిదండ్రులే చూడవలెను.

తల్లిదండ్రులారా, బిడ్డ ఆటకు ఎంతకాలము వెచ్చించవలెనో నిర్ణయించు అధికారము మీది. ఆ అధికారమును వినియోగించుడు. కాని ఆగ్రహముతో సేవ్ ఫైలును తుడిచివేయకుడు. ఆటను ఆపుట శిక్ష యగును. తుడిచివేయుట యన్నది బిడ్డ చేసిన పనిని చింపివేయుట యగును. దానిని తిరిగి తేలేము.

విద్యార్థులారా, ఈ యేడు పాఠశాల విడిచి పోవువారు బదిలీ పత్రమును, మార్కుల పట్టికను తీసికొని పోవుదురు. ఆ కాగితములపై మిమ్ము గూర్చి వ్రాసినవి కొన్ని అంకెలు మాత్రమే. వాటిని చదివి మిమ్ము గుర్తింపగల వారు క్రొత్త చోట నుండవలెను, కాగితము చిరుగకుండ మీ చేతిలో నుండవలెను. నకళ్లు తీసి యుంచుకొనుడు. మూలమును భద్రము చేయుడు. గడువు దాటనీయకుడు. కంప్యూటరు గదిలో ప్రతి శనివారము సాయంకాలము నేనుందును. పాత డిస్కులున్నవారు తీసికొని రండు, చూతము.